యాత్రయు విశ్వాసమును



ఒకనాడు బైబిలు పాఠము ముగిసి పిల్లలందఱు వెడలిపోయిన పిమ్మట, పై తరగతి బాలుడొకడు మాత్రము మా బల్లయొద్దనే నిలిచియుండెను. పుస్తకము చేతిలో త్రిప్పుచు, ఏదో అడుగవలెనని యుండియు అడుగలేక యుండుట చూచి, "ఏమి నాయనా?" యంటిమి. అతడు తల యెత్తకయే, "మాస్టరుగారూ, మా తాతముత్తాతలు కరువులో గంజికోసం ఈ మతంలో కలిశారని మా వీధిలో ఒకాయన అన్నాడండీ. అది నిజమేనాండీ?" యని యడిగెను.

ఆ ప్రశ్నకు మేము పుస్తకములు చూచి తేదీలతోను అంకెలతోను బదులు చెప్పితిమి. బాలుడు మర్యాదగా విని, "సరేనండీ" యని వెళ్లిపోయెను. కాని వాని ముఖమునందలి చిన్నబాటు పోలేదు. చెవితో విన్న యుత్తరము కొన్ని వేళల మనస్సునకు చాలదు. ఆ రాత్రి మేము ఆలోచించి, ఆ బాలుని తరగతివారినందఱిని వెంటబెట్టుకొని, వారి విశ్వాసము ఎచ్చట మొలకెత్తెనో ఆ స్థలములకే పోవలెనని నిశ్చయించుకొంటిమి. ఆ ప్రయాణమును నిమిత్తము చేసికొని, యాత్ర యనునది క్రైస్తవుని విశ్వాసమునకు ఏ విధముగా తోడ్పడును, ఏ విధముగా తోడ్పడదు అను విషయమును ఈ వ్యాసమున విచారింతుము.

1. లేఖనములలో యాత్రలు

పరిశుద్ధ గ్రంథము కూర్చుండియున్నవారి చరిత్ర కాదు, నడచినవారి చరిత్ర. అబ్రాహాము కల్దీయుల ఊరు అను పట్టణమును విడిచి, హారాను మీదుగా కనాను దేశమునకు పోయెను. ఎక్కడికి పోవుచున్నాడో తెలియకయే బయలుదేరెనని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక చెప్పుచున్నది. యాకోబు ఇల్లు విడిచి పోవుచు రాతిని తలగడగా నుంచుకొని నిద్రించిన చోటనే, దేవుడు అచ్చట నున్నాడని మొదటిసారి యెఱిగెను. ఇశ్రాయేలీయులలో పురుషులందఱు సంవత్సరమునకు మూడు పండుగలకు దేవుడు ఏర్పఱచుకొను స్థలమునకు పోవలెనని ద్వితీయోపదేశకాండమున విధింపబడెను. కీర్తనల గ్రంథమున 120 మొదలు 134 వఱకుగల పదునైదు కీర్తనలకు మన తెలుగు బైబిలులో "యాత్రకీర్తన" యని శీర్షిక యుండుట మీరు చూచియుందురు. కొండదారి యెక్కుచు యెరూషలేమునకు పోవు జనులు పాడుకొన్నవి యవియే యని పెద్దలు చెప్పుదురు. ఆ పదునైదు కీర్తనలు చదివిచూడుడు. వానిలో అలసట కలదు, భయము కలదు, తోడివారిని కలిసికొనిన సంతోషము కలదు. దారి నెఱిగినవారికే అవి పూర్తిగా అర్థమగును.

మన ప్రభువు సయితము యాత్రికుడే. పండ్రెండేండ్ల ప్రాయమున తలిదండ్రులతో నజరేతు నుండి యెరూషలేమునకు పస్కా పండుగకు పోయెను. అది మూడు నాలుగు దినముల నడక. మీలో పెక్కుమందికి ఆ వయస్సే గదా! పెద్దయైన పిమ్మట ఆయన గలిలయలోను యూదయలోను కాలినడకనే బోధించుచు తిరిగెను. పునరుత్థానుడైన దినముననే, యెరూషలేమునకు ఆమడ దూరముననున్న ఎమ్మాయు గ్రామమునకు పోవుచున్న ఇద్దఱు శిష్యులతో దారిలో కలిసి నడచెను.

ఇచ్చట ఒక విశేషమును గమనింపుడు. ఈ యాత్రలలో ముఖ్యమైనవన్నియు మరలివచ్చుటతో ముగియుచున్నవి. ఎమ్మాయు శిష్యులు ప్రభువును గుర్తుపట్టిన గడియలోనే లేచి, చీకటిపడినను లెక్కచేయక యెరూషలేమునకు తిరిగిపోయిరి. ఏలీయా నలువది దినములు ప్రయాణము చేసి హోరేబు కొండకు చేరగా, ఇచ్చట నీకేమి పని యని దేవుడు అతని నడిగి, వచ్చిన దారినే పొమ్మని పని యప్పగించి పంపెను. జ్ఞానులు బేత్లెహేములో శిశువును చూచి మఱియొక మార్గమున స్వదేశమునకు వెళ్లిరి. యాత్ర యొక్క ఫలము చేరిన చోట కాదు, తిరిగివచ్చిన చోట కనబడును. ఈ మాటను మనస్సున నుంచుకొనుడు. వ్యాసము తుదిని మరల దీని యొద్దకు వత్తుము.

2. దేవుడు అంతటను ఉన్నాడు గదా!

మీలో తెలివిగలవారు ఇచ్చట ఒక ఆక్షేపణ చేయవచ్చును. "దేవుడు ఆత్మ. సమరయ స్త్రీతో ప్రభువు మాటలాడినప్పుడు, ఈ కొండమీదనే యని గాని యెరూషలేములోనే యని గాని లేదని స్పష్టముగా బోధించెను. అట్లయిన స్థలములకు పోవుట యెందులకు?" ఇది మంచి ప్రశ్న. మన పూర్వులును దీనిని అడుగకపోలేదు.

నాలుగవ శతాబ్దమున నిస్సా పట్టణపు అధ్యక్షుడగు గ్రెగొరీ యను భక్తుడు తాను స్వయముగా యెరూషలేమును చూచివచ్చిన పిమ్మట ఒక లేఖ వ్రాసెను. స్థలము మారినంత మాత్రమున దేవుడు మనకు దగ్గఱ కాడనియు, హృదయము దుష్టతలంపులతో నిండియున్నయెడల గొల్గొతా మీద నిలిచినవాడు సయితము క్రీస్తునకు దూరస్థుడే యనియు అందు హెచ్చరించెను. బేత్లెహేములోనే కాపురముండి లేఖనములను లాటిను భాషలోనికి మార్చిన జెరోము సయితము, పరలోకద్వారము యెరూషలేము నుండియు బ్రిటను నుండియు సమానముగానే తెఱచియున్నదను భావమును ఒక మిత్రునికి వ్రాసెను. జాన్ బన్యన్ అను ఇంగ్లీషు బోధకుడు చెఱసాలలో గడిపినవాడు. అతని "యాత్రికుని ప్రయాణము" 1678వ సంవత్సరమున అచ్చుపడెను. గదిలో బంధింపబడిన మనుష్యుడును పరమపురమునకు యాత్రచేయవచ్చునని ఆ గ్రంథము రుజువుపఱచినది. కావున యాత్ర చేయనివానికి రక్షణ లేదనుట తప్పు. యాత్ర చేసినవానికి పుణ్యము జమకట్టబడుననుటయు తప్పే.

అయిన, ఇంకొక సాక్షిని పిలుతుము. ఎగేరియ యను స్త్రీ రోమా సామ్రాజ్యపు పడమటి కొన నుండి బయలుదేరి, 381 మొదలు 384 వఱకు తూర్పుదేశములలో యాత్రచేసెను. ఆ దినములలో ఒక స్త్రీ అంతదూరము పోవుట సామాన్యమైన సాహసము కాదు. సీనాయి కొండ యెక్కి, యెరూషలేములో నివసించి, ఎదెస్సా వఱకు పోయి, తాను చూచినదంతయు స్వదేశములోని తన సహోదరీలకు లేఖగా వ్రాసెను. ఆ వ్రాతప్రతి యొకటి కొంతభాగము పోయి, మిగిలిన భాగము 1884లో ఇటలీ దేశమునందలి అరెజ్జో పట్టణమున బయటపడెను. ఆమె పద్ధతి చాల సులభము: ఏ స్థలమునకు పోయినను ముందు ప్రార్థించి, ఆ స్థలమునకు సంబంధించిన లేఖనభాగమును అచ్చటనే చదివించుకొని, ఒక కీర్తన పాడి, మరల ప్రార్థించి, అటుపిమ్మట ముందుకు సాగుట.

గ్రెగొరీ చెప్పినదియు నిజమే, ఎగేరియ చేసినదియు మంచిదే. యాత్రవలన దేవుడు మనకు దగ్గఱ కాడు; ఆయన మొదటినుండి దగ్గఱనే యున్నాడు. యాత్రవలన మనము, ఆయన మనకొఱకు చేసిన కార్యమునకు దగ్గఱ యగుదుము. పుస్తకములోని మాట మట్టిమీద నిలిచి చదివినప్పుడు, అది ఎవరికో ఎప్పుడో జరిగిన కథగా నుండక, మనవంటి పాదములతో మనవంటి మనుష్యులు నడచిన సంగతిగా తోచును.

3. కొండ

పాలస్తీనా దేశమునకు పోవుట మీలో బహుకొద్దిమందికి మాత్రమే సాధ్యము. అందులకు విచారపడ నక్కఱలేదు. తెలుగు దేశములోనే, ఒక దినపు ప్రయాణములో, విశ్వాసమునకు సాక్ష్యమిచ్చు నేల కలదు. మేము ఆ తరగతి పిల్లలను తీసికొని ఒంగోలు పట్టణమునకు పోయితిమి.

తెల్లవాఱుజామున ప్రార్థనాకొండ యెక్కితిమి. అది పెద్ద కొండ కాదు. చిన్నపిల్లలు సయితము సులభముగా నెక్కగలరు. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ సూర్యోదయ సమయమున, నెల్లూరులో పనిచేయుచుండిన జూవెట్ దొరగారును, ఆయన దొరసానిగారును, జూలియా యను తెలుగు క్రైస్తవురాలును, మఱి యిద్దఱును, మొత్తము ఐదుగురు ఈ కొండమీద మోకరించిరి. ఆనాటికి వారి మిషను పని మిక్కిలి బలహీనముగా నుండెను. పదునెనిమిదేండ్లు కష్టపడినను ఫలము కొలదిగా నుండినందున, ఈ తెలుగు మిషనును మూసివేయుదమా యని అమెరికాలోని వారి సంఘము అంతకుముందు సంవత్సరమే చర్చించియుండెను. అట్టి కాలమున వారు ఒంగోలునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. జూవెట్ దొరగారు దిగువనున్న ఒక స్థలమును చూపి, మిషను ఇంటికి అది తగియుండునని చెప్పిరట. మిషనరీ లేడు, ధనము లేదు, సంఘము లేదు. స్థలము మాత్రము చూపిరి!

ఆ ప్రార్థనకు జవాబు వచ్చుటకు పండ్రెండేండ్లు పట్టెను. 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురమునకు వచ్చిరి. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో స్థాపింపబడెను.

కొండమీద యెషయా గ్రంథము 52వ అధ్యాయము చదివి, కొంతసేపు మౌనముగా నుంటిమి. క్రింద పట్టణము మేలుకొనుచుండెను. ఇండ్లలో దీపములు, బస్సుల కూతలు, పాలవారి సైకిళ్లు. ఒక బాలిక, "పన్నెండేళ్లంటే నా వయసంత. నేనైతే అన్నాళ్లు ఎదురుచూడగలనాండీ?" యని యడిగెను. ప్రార్థనను గూర్చి మేము తరగతిలో చెప్పిన పాఠములన్నిటికంటె ఆ ప్రశ్నయే మంచి పాఠమని మాకు తోచెను.

4. దారి

ఒంగోలు నుండి గుండ్లకమ్మ యేటి యొడ్డుననున్న వెల్లంపల్లికి సుమారు పది మైళ్లు. బస్సుమీద పోవుట తేలికయే గాని, మేము నడచియే పోవ నిశ్చయించితిమి. రహదారి ప్రక్కనే నడచుచుండగా లారీల దుమ్ము, ఎండ వేడిమి మమ్ములను చాల బాధపెట్టెను. సగము దారిలో ఒకని చెప్పు తెగిపోయెను. చెట్టునీడను కూర్చుండిన వృద్ధుడొకడు దానిని కుట్టి యిచ్చువఱకు అందఱమును అచ్చట ఆగితిమి. ఆయన ఉలి, సూది, దారము పనిచేయుచుండ పిల్లలు చుట్టును జేరి చూచుచుండిరి. మేము ఆ సమయమునే అనుకూలముగా నెంచి, యర్రగుంట్ల పేరయ్య చరిత్రను వారికి చెప్పితిమి.

పేరయ్య తాళ్ళకొండపాడు గ్రామమునందలి మాదిగ కులస్థుడు, తోళ్లవ్యాపారి. సత్యమును వెదకుచు యోగమార్గమును అభ్యసించినవాడు. వ్యాపారముకొఱకు ఉత్తరమునకు పోయినప్పుడు ఏలూరులో ఒక మిషనరీ వలన సువార్త వినెను. తోళ్లు కొనుటకు పోయినవాడు వేఱొక వస్తువును మూటగట్టుకొని యింటికి వచ్చెను! అటుపిమ్మట ఒంగోలునకు మిషనరీలు వచ్చిరని తెలిసి, భార్యయగు నాగమ్మతో సుమారు నలువది మైళ్లు నడచిపోయి, 1866 మార్చి నెలలో బాప్తిస్మము పొందెను. మరుసటి సంవత్సరము జనవరిలో క్లౌ దొరగారు పేరయ్య గ్రామమునకు పోగా, అచ్చట విశ్వసించి బాప్తిస్మమునకు సిద్ధముగా నున్నవారు 28 మంది. వారిని సిద్ధపఱచినది పేరయ్య నడకలే. పేరయ్య తన యాత్రను తనలోనే దాచుకొనలేదు.

అప్పుడు ఒంగోలులో ఒక చిక్కు గలిగెను. అగ్రకులములవారిలో కొందఱు మిషను పనియందు ఆదరము చూపుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నయెడల తాము రాజాలమనిరి. ఎవరిని విడువవలెను? క్లౌ దొరగారును దొరసానిగారును ఒకరి సంగతి ఒకరికి తెలియకయే వేఱువేఱు గదులలో బైబిలు తెఱువగా, ఇద్దఱికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము తుదిభాగమే కనబడెనని దొరగారు వ్రాసియున్నారు. లోకము నీచముగా నెంచినవారిని దేవుడు ఏర్పఱచుకొనెనను వాక్యములవి. వారు వచ్చినవారిని త్రోసివేయలేదు.

ఈ కథ ముగియునప్పటికి చెప్పు సిద్ధమాయెను. ఆ చెప్పు కుట్టించుకొన్న బాలుడు పెద్దాయనకు రెండు చేతులు జోడించి నమస్కరించెను. ఆ వృత్తివారికి వాడు అట్లు మ్రొక్కుట మేము అంతకుముందు చూడలేదు.

5. ఏఱు

మధ్యాహ్నమునకు గుండ్లకమ్మ యొడ్డు చేరితిమి. నల్లమల కొండలలో పుట్టి తూర్పు సముద్రములో కలియు నది యిది. మేము పోయిన దినమున నీరు పలుచగా పాఱుచుండెను. ఒకచోట గేదెలు పడుకొనియుండెను. ఇంకొకచోట స్త్రీలు బట్టలు ఉతుకుచుండిరి. వింతయైనది ఏదియు లేదు. "ఇంతేనా?" యని ఒకడు నోరుజాఱి యనెను. ఔను, ఇంతే. యొర్దాను నదియు చాలమందికి అట్లే కనబడునట.

ఇసుకలో కూర్చుండి అచ్చటి చరిత్రను చదువుకొంటిమి. 1876 మొదలు 1878 వఱకు చెన్నరాజధాని నాశ్రయించిన మహాక్షామమును మన పెద్దలు ధాత కఱవు అందురు. ఆ కఱవులో ప్రభుత్వము బకింగ్‌హాము కాలువ త్రవ్వించుచుండగా, భూములు కొలుచు పని నేర్చిన క్లౌ దొరగారు కొంతదూరము త్రవ్వు పని కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలిపని చూపించిరి. క్రైస్తవులకును ఇతరులకును ఆ పనిలో చోటుండెను. పనివారి నడుమ బోధకులు తిరుగుచు, అలసినవారి ప్రక్కన కూర్చుండి ఓదార్పుమాటలు చెప్పిరి. అప్పుడే వేలకొలది జనులు బాప్తిస్మము కోరిరి.

ఇచ్చటనే, పిల్లలారా, ఆ బాలుని ప్రశ్నకు జవాబున్నది. దొరగారు వారికి బాప్తిస్మము ఇయ్యలేదు. కూటికొఱకు వచ్చువారెవరో, క్రీస్తుకొఱకు వచ్చువారెవరో తెలియుటకై పదునైదు నెలలపాటు బాప్తిస్మపు ద్వారము మూసియుంచిరి. కఱవుసహాయము నిలిచిపోయిన తరువాత, ఇక ఇచ్చుటకు ధనము లేదని స్పష్టముగా చెప్పిన తరువాత, జనులు వెల్లంపల్లికి వచ్చిరి. తమకు సహాయము అక్కఱలేదనియు, కష్టపడి పనిచేయగలమనియు, తరువాతి పంట పండకున్నను క్రైస్తవులుగానే మరణింతుమనియు వారు పట్టుబట్టిరి. బహుధాన్య సంవత్సరమున, అనగా 1878 జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మూడు దినములలో మొత్తము 3,536 మంది ఈ నీటిలో బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దఱిద్దఱుగా వంతులవారీగా నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చిరి. దొరగారు తమ చేతులతో ఇయ్యలేదు.

మేము సత్యమును దాచరాదు. కఱవునకును వారి విశ్వాసమునకును ఏ సంబంధమును లేదని చెప్పుట న్యాయము కాదు. చచ్చిపోవు దినములలో తమ ప్రక్కన నిలిచినవారెవరో వారు చూచిరి. ఆ నిలిచినవారి దేవుడెవరని అడిగిరి. అది సిగ్గుపడవలసిన సంగతి యెట్లగును? కష్టకాలములో ప్రేమను చూచి నమ్ముటకంటె యోగ్యమైన కారణము మఱి యేది? కఱవు రాకపూర్వమే ఒంగోలు సంఘము వేలసంఖ్యకు పెరిగియుండెననియు మఱువరాదు.

చదువుట ముగిసిన పిమ్మట మొదట మమ్ము ప్రశ్నించిన బాలుడు నీటిలోనికి దిగి, మోకాళ్లలోతున చాలసేపు నిలిచియుండెను. మేము పిలువలేదు.

6. యాత్రికునకు కొన్ని సూచనలు

ఇట్టి యాత్రలకు పోగోరు విద్యార్థులకును, పంపగోరు తలిదండ్రులకును మా అనుభవమునుబట్టి కొన్ని మాటలు వ్రాయుదుము.

మొదటిది, పోవుటకు ముందు చదువవలెను. ఏమియు తెలియక పోయినవానికి కొండ కొండయే, ఏఱు ఏఱే.

రెండవది, కొంతదూరమైనను నడువవలెను. త్వరగా చేరినవానికి స్థలము కనబడును గాని, అచ్చటికి రావలెనని పూర్వులు పడిన శ్రమ కనబడదు. నడకలో బలవంతుడు బలహీనుని మూట మోయును. అదియును ఆరాధనలో భాగమే. వ్యాధిగ్రస్తులను, వృద్ధులను మాత్రము బండిమీదనే తీసికొనిపోవలెను. వారిని అలయించుట భక్తి కాదు.

మూడవది, ఎగేరియ చేసినట్లు అచ్చటనే లేఖనము చదివి, మౌనముగా కొంతసేపైన గడుపవలెను. ఫొటోలు తీసికొనుట తప్పు కాదు గాని, ఫొటో తీసికొనుటకే పోయినవాడు తన ముఖమునే చూచుకొని తిరిగివచ్చును.

నాలుగవది, చూచినదానిని వ్రాసికొనవలెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830, 1831 సంవత్సరములలో చెన్నపట్టణమునుండి కాశికి పోయి వచ్చుచు, దారిలోని సంగతులను వ్రాయుచు పోయినందుననే, ఆ కాలపు ఊళ్లును దారులును జనులును నేటికిని మనకు తెలియుచున్నవి. మతము వేఱైనను, యాత్రికుని శ్రద్ధను ఆయన యొద్ద నేర్చుకొనవచ్చును.

ఐదవది, రాళ్లకును మట్టికిని మహిమ నాపాదింపరాదు. ఏటినీళ్లు సీసాలో తెచ్చుకొని రోగములు పోవునని చెప్పుటగాని, నేను చూచితిని నీవు చూడలేదని గర్వించుటగాని యాత్రాఫలమును పాడుచేయును.

కడపటిది, ముఖ్యమైనది: ఇంటికి వచ్చి పెద్దలను అడుగవలెను. ప్రతి యింటిలోను చరిత్ర తెలిసిన ముసలివారు కలరు. మనము అడుగనందున వారు చెప్పరు. వారు పోయిన తరువాత అడుగుటకు ఎవరును ఉండరు.

7. మరలివచ్చుట

ఈ కడపటి సూచనను మేము ఆ బాలునివలననే నేర్చుకొంటిమి. యాత్ర ముగిసిన వారమునకు అతడు మా యొద్దకు వచ్చి, తన నాయనమ్మను అడిగితినని చెప్పెను. ఆమె చదువుకొన్నది కాదు. మనవడు అడుగువఱకు ఆమె ఎన్నడును ఆ మాట యెత్తలేదట. "నాయనమ్మా, మనవాళ్లు గంజికోసం కలిశారా?" యని వాడు సూటిగా అడిగెనట. ఆమె కోపపడలేదు. కొంచెము నవ్వి యిట్లనెనట:

"తాగారు నాయనా, మనోళ్లు గంజి తాగారు. ఊరికే తాగలేదు, కాలవ మట్టి మోసి తాగారు. తర్వాత కరువు పోయింది, ఆ గంజీ పోయింది. దేవుడు మాత్రం మన ఇంట్లోంచి పోలేదు. ఎవరన్నా అడిగితే ఆ మాట చెప్పు."

వాడు మాతో ఈ మాటలు చెప్పునప్పుడు తల వంచుకొనలేదు.

మేము తేదీలతో ఇయ్యలేని యుత్తరమును, చదువురాని యా వృద్ధురాలు ఇచ్చినది. అయిన, ఆ యుత్తరము వాని యింటిలోనే యుండెను గదా! పది మైళ్లు నడచి, ఏటిలో నిలిచి వచ్చిన పిమ్మటనే దానిని అడుగుటకు వానికి ధైర్యము గలిగినది. కొండయు, దారియు, ఏఱును వానికి క్రొత్త దేవుని చూపలేదు. తన యింటనున్న దేవుని చూపినవి. యాత్రఫలము తిరిగివచ్చిన చోట కనబడునని మొదట చెప్పినది ఇందులకే.

కావున ప్రియ విద్యార్థులారా, మీకు అవకాశము దొరికినప్పుడు యాత్ర చేయుడు. దూరదేశములకు పోగలిగిన పొండు. లేనియెడల మీ జిల్లాలోనే మీకు సువార్త తెచ్చినవారి అడుగుజాడలను వెదకుడు. మీ సంఘమునకు మొదట స్థలమిచ్చినవారి పొలము, మొదటి ఉపదేశి సమాధి, మీ తాత బాప్తిస్మము పొందిన చెఱువు ఇవన్నియు మీకు యెరూషలేమే. పోయి చూచి, ప్రార్థించి, ఇంటికి మరలిరండు. మీ ప్రక్కనున్నవాడు ఆకలితోనో అవమానముతోనో యున్నప్పుడు, ఒకప్పుడు మీ పూర్వుల ప్రక్కన నిలిచినవారివలె మీరును నిలిచినచో, మీ యాత్ర సఫలమైనదని యెఱుగుడు.

అభ్యాసమునకు ప్రశ్నలు

1. ఏలీయా, ఎమ్మాయు శిష్యులు, తూర్పుదేశపు జ్ఞానులు, వీరి యాత్రలు ఎట్లు ముగిసినవి? ఆయా లేఖనభాగములను చదివి వ్రాయుడు.

2. నిస్సా గ్రెగొరీ చేసిన హెచ్చరికకును, ఎగేరియ పద్ధతికిని వైరుధ్యము కలదా? కారణములు చెప్పుడు.

3. క్లౌ దొరగారు పదునైదు నెలలు బాప్తిస్మము ఆపియుంచుట సరియైన పనియేనా? మీరైన ఏమి చేసియుందురు?

4. మీ కుటుంబమునకు గాని మీ గ్రామమునకు గాని సువార్త ఎట్లు వచ్చినదో ఇంటిలోని పెద్దలను అడిగి, వారి మాటలలోనే ఒక పుట వ్రాసి తెండు.